తెల్ల రేకు ఈగ

పొద్దున ఎనిమిది కొట్టకముందే భాగీరథి కారఖానా మెట్లెక్కేది. కింది అంతస్తులో మగ్గాలు అప్పటికే దడదడలాడుతుండేవి. ఆమె పని పై అంతస్తులో, ఫోల్డింగ్ ఖాతాలో. మగ్గం మీంచి దిగిన పచ్చి బట్టను పొడవాటి బల్ల మీద పరిచి, పోగు ఎక్కడ తెగిందో, పేక ఎక్కడ జారిందో, నూనె మరక ఎక్కడ పడిందో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. సూరత్‌లోని లింబాయత్‌లో ఆ పని చేసే ఆడవాళ్లు వందల మంది ఉంటారు. కానీ భాగీరథి బల్ల దగ్గరికి వస్తే మాత్రం సేఠ్ కూడా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు. చోటు కావాలి కదా.

భాగీరథి దేన్నయినా మనసు పెట్టి చూస్తే అది పెద్దదయ్యేది.

పోగు మీద చూపు నిలిపిందంటే ఆ పోగు ముందు సుతిలి అంత, కాసేపటికి బావి మోకు అంత లావయ్యేది. దాని మెలికలు, నలిగిన చోట లేచిన నూగు, తెగడానికి సిద్ధంగా ఉన్న బలహీనత, అన్నీ చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనిపించేవి. ఆమె రెప్పవాల్చి చూపు మళ్లించగానే మళ్లీ మామూలు పోగయి బట్టలో ఒదిగిపోయేది. ఎంత పెరిగినా బరువు మాత్రం పెరిగేది కాదు. అందుకే బల్లలు విరగలేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వాడకట్టులో ఆడవాళ్లు బియ్యం చాటలు పట్టుకుని ఆదివారాలు ఆమె గడపలో కూర్చునేవాళ్లు. ఆమె చాటలోకి చూస్తే రాళ్లు గుమ్మడికాయలంతయ్యేవి, చేతులతో తీసి పక్కన పెట్టుకునేవాళ్లు. పిల్లల కాళ్లలో ముళ్లకూ ఆమే దిక్కు. తలలో పేలు చూడమంటే మాత్రం ఒప్పుకునేది కాదు. ఒకసారి పక్కింటి నర్సవ్వ బతిమాలితే చూసింది. ఆ రోజు వరండా వరండా ఖాళీ అయిపోయింది.

ఆమె పెనిమిటి లింగమూర్తి అదే కారఖానాలో పన్నెండు మగ్గాలు చూసుకునేవాడు. సిరిసిల్ల నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చారు. పిల్లలిద్దరూ పెళ్లిళ్లయి భీవండిలో ఉంటున్నారు. "మా ఇంట్ల పోగు తప్పు దాగదు," అని లింగమూర్తి చాయ్ బండి దగ్గర నలుగురిలో అనేవాడు. అది మగ్గం మీద తన చేతి పని గురించి అంటున్నాడో, పై అంతస్తులో పెళ్లాం చూపు గురించి అంటున్నాడో చెప్పడం కష్టం. బహుశా రెండూ.

కరోనా రోగం వచ్చిన మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయినప్పుడు లింబాయత్‌కు చెవుడు వచ్చినట్టయింది. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలు నిద్రపట్టక ఏడ్చారు. చాలామంది రైళ్లలో ఊళ్లకు పోయారు. లింగమూర్తి కదల్లేదు. "నా మగ్గం ఈడ ఉంటె నేను ఆడ ఏం జెయ్యాలె?" అన్నాడు. రెండో ఏడాది మగ్గాలు మళ్లీ సగం సగం తిరిగాయి. కానీ సేఠ్ పై అంతస్తుకు తాళం వేశాడు. మాల్ వచ్చింది వచ్చినట్టు పంపేస్తున్నామనీ, చూసి ఏరేంత తీరిక కొనేవాళ్లకీ లేదనీ, రోజులు బాగుపడగానే పిలుస్తాననీ చెప్పాడు.

చూడటానికి ఏమీ లేక భాగీరథి రెండు నెలలు ఇంట్లో కూర్చుంది. గోడ పగుళ్లు చూస్తే గోడ లోయలా తెరుచుకునేది. అన్నం మెతుకు చూస్తే దిండంతయ్యేది. చివరికి గడ్డి టెంపో నడిపే అంబదాస్ ఒక కబురు తెచ్చాడు. ఓల్‌పాడ్ దిక్కు ఊరి చివర ఒక పాంజరాపోళ్ ఉంది. ముసలి ఆవులు, రోడ్ల మీద దెబ్బలు తిన్న ఎడ్లు, దిక్కులేని లేగలు ఉండే చోటు. అక్కడ పనివాళ్లు సగం మంది జ్వరాలతో పడి ఉన్నారట. కొట్టాలు కడగడానికి మనిషి కావాలట.

లింగమూర్తికి నచ్చలేదు.

"మగ్గం ఇంటి ఆడది పేడ ఎత్తుడేందే? ఎవలన్న అడిగితె ఏమని జెప్పాలె నేను?"

"పేడ ఎత్తుతున్నదని జెప్పు. నోరేమన్న అరుగుతదా?"

అతను చెప్పలేదు. అడిగిన వాళ్లకు "ఫోల్డింగ్‌లనే ఉన్నది, జర వేరే ఖాతాల," అని చెప్పుకుంటూ వచ్చాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

పాంజరాపోళ్‌లో ఆమెకు ఇద్దరు మనుషులు దగ్గరయ్యారు. ఒకరు పశువుల డాక్టరు హేతల్‌బెన్. ముప్పై దాటని పిల్ల. మూడు వందల పశువులకు ఒక్కతే డాక్టరు. మాస్కు పైన కళ్ల కింద నల్లటి చారలు ఎప్పుడూ ఉండేవి. రెండో మనిషి జీవాభాయ్, అరవై అయిదేళ్ల భరవాడ్ కాపరి. ఎర్ర తలపాగా, చెవులకు పోగులు. చైత్రంలో కరోనా వచ్చి, చచ్చి బతికాడు. మందులకు చక్కెర పెరిగి మనిషి సగమయ్యాడు. అయినా లేగల కొట్టంలోనే మంచం వేసుకుని మధ్యాహ్నాలు అక్కడే పడుకునేవాడు. ముగ్గురూ మాట్లాడుకునేది హిందీ, గుజరాతీ కలగలిసిన సూరత్ మాట. భాగీరథి అందులో కూడా తన ఊరి యాసే పలికేది.

జూన్‌లో వాన మొదలైంది. వానతో పాటు ఈగలు వచ్చాయి, ఈగలతో పాటు పురుగు వచ్చింది. పుట్టిన లేగకు బొడ్డు ఆరకముందే అందులో పురుగు పడేది. నాలుగు రోజుల్లో బొడ్డు దగ్గర పిడికిలి పట్టేంత గుంట. పది రోజుల్లో పదకొండు లేగలు పోయాయి. హేతల్‌బెన్ పురుగులు తీసి, మందు పోసి, కట్టు కట్టేది. మర్నాటికి పక్క లేగకు పట్టేది.

"ఈగలు పుట్టేది పేడ గుంటలోనే కదా," అని రోజూ ఇద్దరు మనుషుల్ని పెట్టి పేడ గుంట మీద మందు కొట్టించింది. గుంట మీద ఈగలు నిజంగానే తగ్గాయి. లేగలు మాత్రం చస్తూనే ఉన్నాయి.

పన్నెండో లేగ ముందురోజు పుట్టింది. తెల్లటి నుదురు, ముందు కాళ్లు ఇంకా తడబడుతున్నాయి. భాగీరథి నేల కడుగుతూ కడుగుతూ ఆగింది. లేగ బొడ్డు అంచున ఒక ఈగ వాలి కదలకుండా ఉంది. ఎగిరిపోయే ఈగ కాదు, పని మీద వచ్చిన ఈగలా ఉంది.

చీపురు పక్కన పెట్టి ఆమె దాని మీద చూపు నిలిపింది.

ఈగ ముందు పిచ్చుకంతయింది. తర్వాత కోడిపెట్టంత, ఆ తర్వాత ఆ లేగంత. జీవాభాయ్ మంచం మీంచి లేచి, దాని రెక్కకు అడ్డంగా ఉన్న నీళ్ల బకెట్టును పక్కకు జరిపి మళ్లీ కూర్చున్నాడు. బరువు లేదు కనుక లేగకు ఏమీ తెలియలేదు. తల్లి పొదుగు కోసం మూతి చాస్తూనే ఉంది.

భాగీరథి బట్టను చూసినట్టే చూసింది, ఒక అంచు నుంచి రెండో అంచుకు. ఒళ్లంతా నీలం ఆకుపచ్చ కలిసిన మెరుపు, ఎండలో తిప్పితే రంగు మారే పట్టులాగా. కళ్లు ఇటుక రంగు. చెంపలు పసుపు ముద్ద. వీపు మీద నల్లటి వెంట్రుకలు వరస తప్పకుండా నాటినట్టున్నాయి. రెక్కలు పల్చటి కాయితం, వాటి మీద నరాలు. రెక్క మొదట్లో, వీపుకు అతుక్కునే చోట ఒకదాని కింద ఒకటి రెండు చిన్న రేకులు. కింది రేకు తెల్లగా, ఇప్పుడే వార్చిన గంజిలా ఉంది. రొమ్ము పక్కన ఊపిరి తీసుకునే రంధ్రం, కుట్టిన కాజాలాంటిది. దాని అంచు ముదురు రంగు, దాదాపు నలుపు. తోక వైపు చూస్తే అది గుడ్లు పెడుతోంది. తెల్లటి గుడ్లు, పెంకులు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి ఆనుకుని, బొడ్డు అంచు చుట్టూ వరసగా.

"గట్లనా నీ పని!" అంది ఈగతో.

చూపు మళ్లించింది. ఈగ చిన్నదై ఎగిరిపోయింది. ఆమె చేతులు కూడా కడుక్కోకుండా పేడ గుంట దగ్గరికి నడిచింది. అక్కడ మందుకు చావని ఈగలు ఇంకా కొన్ని ఉన్నాయి. అదే నీలం, అదే మెరుపు, అవే పసుపు చెంపలు. ఎవరు చూసినా ఒకే ఈగ అంటారు. ఒకదాన్ని చూపుతో పెంచింది. రెక్క మొదట్లో కింది రేకు దగ్గర ఆగింది. అది తెల్లగా లేదు. పొయ్యి మీద పొగచూరిన గోడలా గోధుమ రంగు. ఇంకోదాన్ని చూసింది. పొగ రంగే. ఇంకో పదింటిని చూసింది. అన్నీ పొగ రంగే.

పరుగున వచ్చి హేతల్‌బెన్ ముందు నిలబడింది.

"బెన్, మీరు వేరే ఈగను సంపుతున్నరు."

"ఏమిటి మాసీ?"

"గుంట మీది ఈగ వేరు, బొడ్డు మీది ఈగ వేరు. రంగు ఒక్కటే, మగ్గం వేరు. గుంట ఈగకు రెక్క కింది రేకు పొగ రంగుంటది. గీ పుండు ఈగకు తెల్లగుంటది. గుంట మీద తెల్ల రేకుది ఒక్కటి గూడ దొర్కలే."

ఈగను మాఖీ అనే జీవాభాయ్ నవ్వాడు. "మాఖీ అంటే మాఖీయే కదా బేటీ! దానిలో జాతులేంటి?"

హేతల్‌బెన్ మాత్రం నవ్వలేదు. చేతి తొడుగులు విప్పి ఒక ఇటుక మీద కూర్చుంది. కాలేజీలో ఈ పాఠం చెప్పారు ఆమెకు. చూడటానికి కవలల్లాంటి రెండు ఈగలు. ఒకటి కుళ్లిన దాని మీద, పేడ మీద గుడ్లు పెడుతుంది. రెండోది బతికున్న ప్రాణి ఒంటి మీద, అదీ గాయం ఉంటేనే పెడుతుంది. దాని పిల్లలు కుళ్లింది ముట్టవు, పచ్చి మాంసమే తింటాయి. "పరీక్ష కోసం బట్టీ పట్టాను మాసీ. మైక్రోస్కోపు కింద పెట్టినా నాకు ఏనాడూ తేడా తెలియలేదు. అందరం మార్కుల కోసం ఊహించి రాసేవాళ్లం."

"తెల్వకుంటె నేను సూపిస్త. రాండ్రి."

మర్నాడు హేతల్‌బెన్ ఇంటి నుంచి ఒక చెక్క పెట్టె తెచ్చింది. ఆమె గురువుగారు రిటైరవుతూ ఇచ్చిన పెట్టె. అందులో సన్నటి సూదులకు గుచ్చిన ఇరవై ఈగలు, ఒక్కోదాని కింద వేలిగోరంత కాయితం, దాని మీద ఇంగ్లీషులో జాతి పేరు. భాగీరథికి ఇంగ్లీషు చదవడం రాదు. అదే మంచిదనుకుంది హేతల్‌బెన్. పెట్టెను గడ్డివాము పక్కన నీడలో పెట్టి, ఏది ఏదో చెప్పమంది.

ఆ మధ్యాహ్నం గడ్డివాము పక్కన ఇరవై ఈగలు ఒకదాని తర్వాత ఒకటి లేగలంత పెరిగి తరిగాయి. చచ్చి ఏళ్లయింది కనుక రంగు కొంచెం మాసింది గానీ రేకులు, రంధ్రాలు, వెంట్రుకలు అలాగే ఉన్నాయి. భాగీరథి తొందరపడలేదు. పుండు ఈగ, గుంట ఈగ, గుంట ఈగ, పుండు ఈగ అంటూ వెళ్లింది. హేతల్‌బెన్ చేతిలో కాయితం పట్టుకుని గీతలు పెట్టుకుంటూ వచ్చింది. పదిహేడు దాకా ఒక్క తప్పూ లేదు. పద్దెనిమిదోది చూసి భాగీరథి తల అడ్డంగా ఊపింది.

"ఇది రెండిట్ల ఏదీ కాదు."

"మాసీ, సరిగ్గా చూడండి. రేకు తెల్లగానే ఉంది కదా? అది పుండు ఈగే. కాయితం మీద కూడా అలాగే రాసి ఉంది."

"కాయితం నేను సదువలే. ఈగను సదువుతున్న. రేకు తెల్లదే, బరాబర్. గని రొమ్ము పక్కన ఊపిరి రంధ్రం సూడుండ్రి. పుండు ఈగకు ముదురు రంగుంటది. దీనికి రంధ్రం గూడ తెల్లగనే ఉన్నది. ఇది మూడో రకం."

హేతల్‌బెన్ లేచి ఆ ఈగ రొమ్ము దగ్గరికి వెళ్లి, మెడ వంచి చూసింది. పళ్లెమంత రంధ్రం, దాని అంచంతా తెల్లటి నూగు. ఫోను తీసి తన పాత పుస్తకం బొమ్మలు వెతికింది. ఒక్కో బొమ్మనూ ఈగతో పోల్చి చూసింది. తర్వాత ఒక్కసారిగా నవ్వింది, మాస్కు లోపల ఊపిరాడక దగ్గేంత నవ్వు.

"ఈ ఈగకే మాసీ నాకు క్లాసులో ఫస్టు మార్కు వచ్చింది! పుండు ఈగ అని రాసి! సారూ తప్పే, నేనూ తప్పే. ఇన్నేళ్లలో ఈ పెట్టె చూసిన ఒక్కరు కూడా..."

పెన్ను తీసి పాత కాయితం మీద అడ్డగీత కొట్టింది. కొత్త ముక్క చింపి మూడో రకం పేరు రాసి సూదికి గుచ్చింది. జీవాభాయ్ లేచి వచ్చి తలపాగా సర్దుకుని ఈగను ఒకసారి, భాగీరథిని ఒకసారి చూశాడు. "జాతులున్నాయన్నమాట," అన్నాడు మెల్లగా.

ఆ రోజు నుంచి పేడ గుంట మీద మందు కొట్టడం ఆపేశారు. ఆ ఇద్దరు మనుషుల్నీ కొట్టాల్లోకి తెచ్చారు. పుట్టిన ప్రతి లేగకు ఆ గంటలోనే బొడ్డుకు మందు. కొమ్ము గీరుకున్నా, తాడు ఒరుసుకున్నా, చెవిలో గోమారి కరిచినా ఆ చోటు కడిగి లేపనం. భాగీరథికి చీపురు పని తగ్గించి, రోజుకు మూడుసార్లు పశువుల మధ్య తిరిగే పని పెట్టారు. ఆమె గాయం అంచు చూస్తే గుడ్లు గుమ్మడి గింజలంత, తర్వాత కోడిగుడ్లంత అయి కనిపించేవి. పొదగకముందే మొద్దు చాకుతో గీకి మరిగే నీళ్లలో వేసేవాళ్లు. పురుగుల్నీ చూడటం నేర్చుకుంది. పుండు ఈగ పురుగు ఒళ్లంతా ముళ్ల పట్టీలు చుట్టి ఉంటాయి. తల దగ్గర ఊపిరి తీసుకునే చోట చెయ్యి చాచినట్టు నాలుగైదు వేళ్లుంటాయి. గుంట ఈగ పురుగుకైతే పదికి పైనే. పన్నెండో లేగ బతికింది. ఆషాఢం వచ్చాక పాంజరాపోళ్‌లో పురుగుతో చచ్చిన లేగ ఒక్కటి కూడా లేదు.

ఇంట్లో ఈ సంగతులు చెబితే లింగమూర్తి వినేవాడు. "మంచిదే," అనేవాడు. చాయ్ బండి దగ్గర మాత్రం అదే మాట: "జర వేరే ఖాతాల ఉన్నది."

ఒక సోమవారం జీవాభాయ్ రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం పొద్దున హేతల్‌బెన్ ముఖం వాడిపోయి ఉంది. జీవాభాయ్‌కు ముక్కులోంచి నెత్తురు, ఒక వైపు ముఖమంతా వాపు, కన్ను మూసుకుపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆ ఏడాది సూరత్‌లో ఆ లక్షణాలు విన్న వాళ్లెవరూ రెండో మాట అడగలేదు. నల్ల ఫంగస్. కరోనా వచ్చి తగ్గిన చక్కెర రోగులు దాంతో కన్నూ దవడా పోగొట్టుకున్న కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

"ఈ మధ్యాహ్నమే ఆపరేషన్ అట. కన్ను తీయాల్సి రావచ్చట," అంది హేతల్‌బెన్.

భాగీరథి లేగల కొట్టంలోకి వెళ్లింది. జీవాభాయ్ మంచం అలాగే ఉంది. దాని మీద అతను ముఖం తుడుచుకునే ఎర్ర తువ్వాలు. ఉతుకుదామని తీస్తే నెత్తుటి మరకలున్నాయి. ఒక మరకలో ఏదో తెల్లటి చుక్క, గోధుమ గింజ సగమంత, ఎండి అట్ట కట్టి ఉంది.

ఆమె మంచం మీద తువ్వాలు పరిచి ఆ చుక్కను చూసింది.

అది దిండంతయింది, తర్వాత మంచం పొడవయింది. ఒళ్లంతా పట్టీలు పట్టీలుగా నల్లటి ముళ్లు, అన్నీ వెనక్కి వాలి. తల వైపు రెండు వంకీలు. వాటి పక్కన ఊపిరి తీసుకునే చోట, చాచిన చెయ్యిలా వేళ్లు. ఆమె ఒకటొకటిగా తాకి లెక్కపెట్టింది. అయిదు. రెండో పక్కన కూడా అయిదే.

"బెన్!" అని అరిచిన అరుపుకు కొట్టంలో ఆవులన్నీ తలలెత్తాయి.

వచ్చి చూసిన హేతల్‌బెన్‌కు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కరోనా నాటి నుంచి ముక్కు లోపల మాని మానని పుండున్న మనిషి, మధ్యాహ్నాలు లేగల మధ్య నోరు తెరిచి పడుకునే మనిషి. తెల్ల రేకు ఈగకు లేగ బొడ్డయినా ఒకటే, మనిషి ముక్కయినా ఒకటే. పురుగును మందు సీసాలో వేసి, ఇద్దరూ స్కూటరెక్కారు. దారిలో భాగీరథి లింగమూర్తికి ఫోను చేసి, "నేను పెద్ద దవాఖానకు పోతున్న, ఆలిస్యమైతది," అని మాత్రం చెప్పగలిగింది. గాలికి మిగతా మాటలు అతనికి వినపడలేదు.

ఆసుపత్రి వరండా అంతా మంచాలు, సిలిండర్లు, నేల మీద కూర్చున్న జనం. గంటసేపు బతిమాలితే ముక్కు డాక్టరు బయటికి వచ్చాడు. కుర్రవాడే. ప్లాస్టిక్ తొడుగు లోపల చెమటతో తడిసి ఉన్నాడు.

"అమ్మా, నాకు టైము లేదు. ఫంగస్ రిపోర్టు ఇంకా రాలేదు నిజమే. కానీ ఆగితే మెదడుకు పాకుతుంది. స్కానులో ముక్కు లోపలంతా వాపు, ఏమీ కనబడటం లేదు."

"గది ఫంగస్ గాదు సారూ. పురుగు. పుండు ఈగ పురుగు."

"ఏ ఈగ అయితే ఏమిటమ్మా? ఫంగస్‌తో కుళ్లిన చోట కూడా ఈగలు వాలతాయి, పురుగు పడుతుంది. పురుగు ఉన్నంత మాత్రాన ఫంగస్ లేదని చెప్పలేం కదా?"

మంచి ప్రశ్నే. భాగీరథి బల్ల మీద సీసా మూత తీసి, పురుగును తువ్వాలు మీద పెట్టి చూసింది. అది బల్ల పొడవునా పెరిగింది. వార్డుబాయ్ ఒకడు "స్ట్రెచర్ వస్తోంది, కొంచెం పక్కకు," అంటే ఆమె చూపు తిప్పకుండానే తువ్వాలును గోడ వైపుకు లాగింది.

"కుళ్లింది తినే పురుగైతె గీడ పది వేళ్లకు మీదనే ఉంటయి సారూ. లెక్కబెట్టుండ్రి, అయిదే ఉన్నయి. గీ ముండ్లు సూడుండ్రి, వెనుకకు మర్లి ఉన్నయి, బతికున్న కండల పట్టుకొని ఉండెతందుకు. ఇది సచ్చిన కండను ముట్టది. నలుపెక్కి కుళ్లిన ముక్కుల ఇది బతుకది. దీని పేగు సూడుండ్రి, బయటికే కనవడుతున్నది. ఎర్రగ, పచ్చి నెత్తురుతోని ఉన్నది. అంటే జీవాకాకా ముక్కుల కండ ఇంక బతికే ఉన్నది. మీరు ముందుగాల్ల లోపటికి కెమెరా పెట్టి సూడుండ్రి. పురుగులు తలకాయ లోపటికి, తోకలు బయటికి పెట్టి ఉంటయి. ఒక్కొక్కటి గుంజితె ఒస్తయి."

డాక్టరు చేతి తొడుగు వేలితో ఆ వేళ్లను లెక్కపెట్టాడు. ముళ్లను తడిమాడు. ఒంగి, అద్దంలాంటి చర్మం వెనక ఎర్రటి గీతలా కనిపిస్తున్న పేగును చూశాడు. హేతల్‌బెన్ వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది. "పశువుల్లో రోజూ చూస్తున్నాం డాక్టర్‌సాబ్. మాసీ తప్పు చెప్పడం నేనింతవరకు చూడలేదు."

"కోసే ముందు కెమెరా పెడతాను," అని అతను లోపలికి పరుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే లింగమూర్తి వచ్చాడు. పెళ్లాం గొంతు, దవాఖాన పేరు రెండే వినిపించి, మగ్గాలు పక్కవాడికి అప్పజెప్పి సైకిలు మీద వచ్చాడు. జుట్టంతా మగ్గం ధూళి. భాగీరథి రెండు కాళ్ల మీద నిలబడి ఉండటం చూశాక, గోడకు జారబడి కూర్చున్నాడు. హేతల్‌బెన్ అతనికి నీళ్లిచ్చి, మొదటి నుంచీ జరిగింది చెప్పింది. పన్నెండో లేగ దగ్గర్నుంచి, పద్దెనిమిదో ఈగ దగ్గర్నుంచి, ఇప్పుడు డాక్టరు వేలుపెట్టి లెక్కపెట్టిన వేళ్ల దాకా. లింగమూర్తికి ఆ పెరగడం తరగడం కొత్త కాదు, ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. అతనికి కొత్తగా తోచింది ఇంకొకటి. ఇంత పెద్ద దవాఖానలో, ఇంతమంది చదువుకున్న వాళ్లలో ఒక డాక్టరు ఆగి తన భార్య చెప్పింది వినడం, విని తన నిర్ణయం మార్చుకోవడం.

ముగ్గురూ రెండు గంటలకు పైగా కూర్చున్నారు.

డాక్టరు బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో అన్నం మెతుకుల్లా తెల్లగా కదులుతున్నాయి.

"నలభై మూడు," అన్నాడు. "ఒక్కొక్కటే పట్టుకారుతో తీశాం. లోపల ఎక్కడా నలుపు లేదు. వాపంతా వీటి వల్లే. ఇంకో రెండు రోజులు ఆగితే కంటి గూట్లోకి తొలిచేవి. కన్ను బాగానే ఉంది. కత్తి పెట్టలేదు."

లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. అద్దం తలుపులోంచి చూడమన్నారు. మూడో మంచం మీద జీవాభాయ్, తలపాగా లేకుండా, ముక్కులో దూది కుక్కి ఉన్నాడు. తలపాగా లేని అతని తల చిన్న పిల్లాడి తలలా ఉంది. వాచిన కన్ను సన్నగా తెరుచుకుని ఉంది, రెండోది పూర్తిగా. రెండు కళ్లతో తలుపు వైపు చూశాడు. భాగీరథిని పోల్చుకుని చెయ్యెత్తాడు. చేతి వేళ్లు అయిదూ విడదీసి చూపించాడు. ఎవరో చెప్పి ఉంటారు. భాగీరథి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరు వెనకే వచ్చాడు. "మాసీ, ఇంకో ఇద్దరు పేషెంట్లున్నారు. ఇలాగే నెత్తురు కారుతోందని వచ్చారు. వాళ్ల పురుగులు తీసి పెట్టాను. రేపు పొద్దున వచ్చి చూడగలరా?"

"ఒస్త," అంది. "లేగల పని జూసుకొని ఒస్త."

అప్పుడు కిటికీ దగ్గర గుమాస్తా పిలిచాడు. పురుగుల డబ్బాతో పాటు ల్యాబుకు ఒక ఫారం వెళ్లాలట. జాతి ఏదో హేతల్‌బెన్ రాసింది. దాని కింద గడిలో గుర్తుపట్టినవాళ్ల పేరు, హోదా, సంతకం కావాలి.

"పేరు?"

"భాగీరథి."

"పూర్తి పేరు?"

"భాగీరథి లింగమూర్తి."

"హోదా ఏం రాయాలి?"

భాగీరథి "పాంజరాపోళ్ల పేడ..." అని మొదలుపెట్టింది.

లింగమూర్తి ముందుకు వచ్చాడు. కిటికీ చెక్క మీద చెయ్యి పెట్టి, గుమాస్తాకు వినపడేలా, వరండాలో అందరికీ వినపడేలా అన్నాడు: "పారఖు అని రాయుండ్రి. మాఖీ పారఖు."

సూరత్ వజ్రాల పేట వరాఛాలో వజ్రాన్ని వేళ్ల మధ్య తిప్పి, ఏది అసలో ఏది నకిలీయో చెప్పే మనిషిని పారఖు అంటారు. గుమాస్తా అటువైపు వాడే అయి ఉండాలి. తల ఎత్తి భాగీరథిని ఒకసారి కింద నుంచి పైదాకా చూశాడు. మరో ప్రశ్న వెయ్యకుండా గుజరాతీలో గుండ్రంగా రాశాడు. పెన్ను ఆమె వైపు తిప్పాడు.

భాగీరథి తెలుగులో సంతకం పెట్టింది. చాలా రోజులకు రాస్తోంది కనుక ఒక్కో అక్షరం దగ్గర ఆగింది. ఆమె చివరి అక్షరం ముగించేదాకా లింగమూర్తి ఫారం కదలకుండా దాని అంచును రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు.